ఆరున్నొకటి

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఒక కుర్చీ గురించే మాట్లాడుకున్నాం. అదేమంత గొప్ప కుర్చీ కాదు. తిరుత్తణి బస్టాండు వెనక, ఎరువుల అంగడి మేడ మీద తణికైవేల్ సార్ నడిపే పోటీ పరీక్షల సెంటర్లో, తరగతి గది గుమ్మం పక్కన ఉండేది. నీలం రంగు సీటు, ఒక చెయ్యి విరిగితే కరెంటు టేపు చుట్టారు. అందులో రామానుజం సార్ అనే పెద్దాయన కూర్చునేవాడు. పిల్లలకు డౌటు వస్తే లేచి వెళ్ళి ఆయన్ను అడిగేవాళ్ళు. ఎండలు మొదలయ్యే మాసి నెలలో ఆయనకు చూపు మందగించి మానేశాడు. అప్పటినుంచి కుర్చీ ఖాళీ. రోజూ పొద్దున దాన్ని తుడిచేది మా అమ్మ. పదకొండేళ్ళుగా ఆ సెంటర్ ఊడ్చేదీ, తడిగుడ్డ పెట్టేదీ, పదిన్నరకు టీ ఇచ్చేదీ అమ్మే. ఒక్కరోజు కూడా ఆ కుర్చీలో కూర్చోలేదు.

అమ్మ పేరు ఇంద్రాణి. సెంటర్లో అందరికీ ఇంద్రాణక్క. నాకు కూడా. ఇది ఇప్పుడే చెప్పేస్తే మేలు, తరవాత చెప్పడానికి నాకు నోరు రాదు. నేను ఆ సెంటర్లోనే గ్రూప్ ఫోర్‌కు చదివేదాన్ని. రామానుజం సార్ దయ తలచి చేర్పించాడు. నేను ఎవరి కూతురినో ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. చేరిన మొదటి రోజే పక్కన కూర్చున్న యువరాణి, "ఆ ఊడ్చే అక్క నిన్ను చూసి నవ్వింది, ఎవరు?" అని అడిగింది. "మా వీధిలో ఉంటుంది" అన్నాను. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు ఒకే వీధిలో ఉన్నట్టే కదా, ఇందులో అబద్ధమేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎంత తెలివి నాది! ఆ రోజునుంచి అందరితోపాటు నేనూ అక్కా అనేదాన్ని. అమ్మ ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు. టీ గ్లాసు నా ముందు పెట్టి, మిగతా పిల్లలతో అన్నట్టే "తీసుకో పాప" అని వెళ్ళిపోయేది. సాయంత్రం మా ఊరు పళ్ళిపట్టు వెళ్ళే బస్సులో మాత్రం పక్కపక్కనే కూర్చునేవాళ్ళం.

మాది తెలుగిల్లే అయినా అమ్మ చదివింది తమిళంలో, అదీ ఎనిమిదో తరగతి దాకా. కానీ ఆ సెంటర్లో ప్రశ్నలు ఎప్పుడూ కొత్తవి కావు. ఒకటే పాత కట్ట. వచ్చిన ప్రతి బ్యాచ్‌కూ సార్లు దాన్నే చదివి రాయిస్తారు. పదకొండేళ్ళు ఆ గది బయట వరండా ఊడ్చిన మనిషికి అవి పట్టుబడకుండా ఎలా ఉంటాయి? సార్ "వేలూరు..." అని నోరు తెరిస్తే చాలు, వరండాలో అమ్మ "పద్దెనిమిది వందల ఆరు" అని గొణిగేది. సిపాయిలు తిరగబడిన సంవత్సరం అది. "తిరుత్తణి..." అంటే "పంతొమ్మిది వందల అరవై" అనేది. మా తాలూకా ఆంధ్రలోంచి మద్రాసులోకి మారిన సంవత్సరం. అదొక్కటి మాత్రం సెంటర్లో నేర్చుకున్నది కాదు. మా తాత ఆరుముగం చెబుతూ ఉండేవాడు, "రేత్రి ఆంధ్రాలో పండుకున్యా, తెల్లారి మద్రాసులో లేసినా. మంచం మాత్రం జానెడు గూడా కదల్లేదు" అని.

తాత పళ్ళిపట్టు చుట్టుపక్కల కళ్ళాల్లో వడ్లు కొలిచేవాడు. ఆయన వాడిన ఇనప పడి, ఆ కొలపాత్ర, మా ఇంట్లో ఉంది. ఇప్పటికీ అమ్మ బియ్యం మూట విప్పితే దాంతోనే కొలిచి టిన్నులో పోస్తుంది. మొదటి పడిని ఒకటి అనకూడదు, లాభం అనాలి. "లాభం... రెండు... మూడు..." అని మొదలవుతుంది. ఆరు తరవాత ఏడు అనకూడదు. ఏడు అంటే ఇంటిని పట్టుకొని ఏడవమన్నట్టు. అందుకని "ఆరున్నొకటి" అని, దాని మీద "ఎనిమిది" అంటారు. బస్సు నంబరుకు, గడియారానికి ఈ అడ్డం లేదు. కొలిచేటప్పుడు, వేళ్ళు మడిచి లెక్కపెట్టేటప్పుడు మాత్రమే.

నేను ఎగతాళి చేసేదాన్ని. "అంకెలకు కూడా నోరుంటుందా మా?" అనేదాన్ని. అమ్మ నవ్వి ఊరుకునేది. అమ్మమ్మ కన్నమ్మ బతికుండగా ఒకసారి నాతో రహస్యంగా చెప్పింది. అమ్మ తొమ్మిదేళ్ళప్పుడు కళ్ళంలో ఆడుకుంటూ తాతతోపాటు గట్టిగా లెక్కపెట్టి, ఆ మాట అనేసిందట. ఆ వెంటనే వచ్చిన ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, అమ్మ తమ్ముడు చంద్రు జ్వరం వచ్చి పోయాడు. ఈ రెంటినీ కలిపి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, అమ్మ కూడా మాట్లాడలేదు. కానీ అప్పటినుంచి కొలతలో ఆ మాట ఆమె నోట రాలేదట.

ఎండలు ముదిరే చిత్తిరై నెలలో సెంటర్‌కు ఆ మిషను వచ్చింది. మద్రాసునుంచి అజిత్ అనే కుర్రవాడు తెచ్చాడు. చూడ్డానికి ఒక తెర, దాని కింద అరచెయ్యంత పెట్టె. పిల్లలు వెంటనే దానికి డబ్బా అని పేరు పెట్టేశారు. పిల్లలు ఏ ప్రశ్న అడిగినా డబ్బా జవాబు చెబుతుందని, ఇంక మనిషి అక్కర్లేదని అజిత్ చెప్పాడు. "తిరుత్తణి కదా అని తెలుగు కూడా పెట్టించాం. ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే బదులిస్తుంది" అన్నాడు.

తణికైవేల్ సార్ పరీక్ష పెడదామని పాత కట్ట తీసి చదవడం మొదలుపెట్టాడు. "నీలగిరి..." అన్నాడో లేదో, వెనకనుంచి "వరైయాడు" అని వినబడింది. అది కొండ మేక పేరు, రాష్ట్ర జంతువు. డబ్బా ఇంకా ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగి ఉంది. అందరం వెనక్కి తిరిగాం. గుమ్మంలో మాప్ కర్ర పట్టుకొని అమ్మ నాలుక కరుచుకుంది.

"తప్పైపోయింది సార్, అలవాటులో వచ్చేసింది" అంది.

"ఇంకోసారి చెప్పండక్కా" అన్నాడు అజిత్, నవ్వుతూ. సార్ ఇంకో పది ప్రశ్నలు చదివాడు. తొమ్మిదింటికి అమ్మే ముందు చెప్పింది. పిల్లలు ఈలలు వేశారు, బెంచీలు చరిచారు. నేనూ చరిచాను, అందరిలాగే, ఆమె నాకేమీ కానట్టే.

తణికైవేల్ సార్ చెడ్డమనిషి కాదు. కానీ ఆయన బుర్ర ఎప్పుడూ అడ్మిషన్ల మీదే ఉంటుంది. సాయంత్రం "ఇంద్రాణి, ఇంగ వామ్మా" అని పిలిచాడు. నాలుగు ఆదివారాలు పోటీ పెడతానన్నాడు. ఒక పక్క అమ్మ, ఒక పక్క డబ్బా. వీడియో తీసి అందరికీ పంపిస్తాం, మా సెంటర్లో ఊడ్చే మనిషి కూడా మిషన్ను ఓడిస్తుందని ఊరంతా చెప్పుకుంటుంది అన్నాడు. ఆఖరి ఆదివారం గెలిస్తే గుమ్మం పక్క కుర్చీ అమ్మదే, ఊడ్చడానికి వేరే మనిషిని పెట్టుకుంటాను అన్నాడు.

"కుర్చీ అంటే... డౌట్లు చెప్పేదా సార్?" అంది అమ్మ.

"రామానుజం సార్ ఏం చేశాడో అదే. నీకు తెలియనిదేముంది?"

"ఓడిపోతే?"

"ఓడిపోతే ఏముందమ్మా, ఎప్పట్లా నీ పని నీది" అన్నాడు సార్.

ఆ సాయంత్రం బస్సులో అమ్మ ఉన్నట్టుండి, "ఆడ కూచుంటే కాళ్ళు నేలకు ఆనతాయా?" అని అడిగింది. అమ్మ పొట్టి.

"నువ్వెప్పుడూ కూర్చోలేదా?"

"ఎట్ల కూచుంటానే, అది సారుది గదా."

"ఎవరూ లేనప్పుడు?"

"ఎవురూ లేకపోతే మాత్రం?" అంది. అరచేత్తో మోకాలు రుద్దుకుంటూ, "మోకాళ్ళకు రొంత సుకంగా ఉంటాది" అంది. పదకొండేళ్ళలో మోకాళ్ళ మాట ఎత్తడం అదే మొదటిసారి. నాకు సిగ్గేసింది. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

నాన్న కవరైపేట్టై పక్కన ఒక కంపెనీలో కాపలా. వారానికి ఒకరోజు ఇంటికి వచ్చేవాడు. సంగతి విని "ఓహో, టీచరమ్మా! కుర్చీ ఎక్కినాక మమ్మల్ని గుర్తు పెట్టుకో తల్లీ" అని దండం పెట్టాడు. "పోయ్యా" అంది అమ్మ, కానీ ముఖమంతా వెలిగిపోయింది. ఆ వారం నాన్న ఒక చిన్న చెక్కపీట చేసి తెచ్చాడు. కుర్చీ కింద పెట్టుకోవడానికట, కాళ్ళు వేలాడకుండా. అమ్మ దాన్ని కడిగి, ఎండబెట్టి, ఒక గుడ్డసంచిలో చుట్టి పెట్టింది.

రోజూ సాయంత్రం నేను కట్ట చదివేదాన్ని, అమ్మ పొయ్యి దగ్గరనుంచి జవాబులు చెప్పేది. నిజం చెప్పాలంటే నాకు కుళ్ళు కూడా ఉండేది. రెండేళ్ళుగా కళ్ళు పోయేలా చదువుతున్న నాకు గుర్తుండనివి, పప్పు రుబ్బుతూ ఆమెకు ఎలా గుర్తుంటాయి? ఒకరోజు కోపంతో పుస్తకం విసిరేశాను. "నీదే పెద్ద పరీచ్చ పాప, నాది ఉత్త ఆట" అంది అమ్మ, పుస్తకం తీసి దుమ్ము దులిపి నా ఒళ్ళో పెట్టి.

మొదటి ఆదివారం అమ్మ గెలిచింది. రెండోదీ గెలిచింది. డబ్బా ప్రశ్న పూర్తిగా విన్నాకే బజర్ నొక్కేది, అమ్మ మొదటి మాటకే నొక్కేది. అంతే కిటుకు. వీడియో చూసి బస్సులో కండక్టర్ కూడా "ఏమ్మా, ఈ వారం ఎవురు గెలిచేది?" అని అడిగాడు.

మూడో ఆదివారానికి డబ్బా కూడా మొదటి మాటకే నొక్కడం నేర్చుకుంది. అమ్మ వీడియోలే దానికి చూపించి నేర్పించామని అజిత్ దాచకుండా చెప్పాడు, అదేదో మెచ్చుకోలు అన్నట్టు. అమ్మ కంగారుపడింది. దానికంటే ముందు నొక్కాలని సగం మాటకే నొక్కి, తెలిసినవి కూడా తప్పు చెప్పింది. కావేరి ఎక్కడ పుట్టిందని సార్ అడగబోతే, ఎక్కడ కలుస్తుందో చెప్పింది. ఆ వారం ఓడిపోయింది.

ఆ రోజు ఇంటికి వచ్చాక నేనే చెప్పాను. "నొక్కినాక జవాబుకు పది సెకన్లు ఇస్తారు మా. ఎందుకు తొందర? ఎన్ని అని అడిగితే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకో. సరిచూసుకొని అప్పుడు చెప్పు." ఏ ముహూర్తాన చెప్పానో ఆ మాట!

"సరే పాప, నువ్వు చెప్పినట్లే" అంది అమ్మ.

ఆఖరి ఆదివారం అగ్నినక్షత్రం ఎండలు ఇంకా దిగలేదు. సెంటర్లో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా చెమట ఆగడం లేదు. గది నిండా జనం, చేతుల్లో ఫోన్లు. తణికైవేల్ సార్ ఆ నీలం కుర్చీని తెచ్చి మధ్యలో వేయించి, దాని మీద తెల్ల టవలు పరిచాడు. అటు పక్క డబ్బా, ఇటు పక్క స్టూలు మీద అమ్మ. కనకాంబరం రంగు చీర కట్టుకుంది. గుడ్డసంచిలో నాన్న చేసిన పీట ఉంది, స్టూలు కింద. అది అక్కడుందని నాకొక్కదానికే తెలుసు. నేను మూడో వరసలో యువరాణి పక్కన కూర్చున్నాను.

అమ్మ ఆ రోజు బాగా ఆడింది. తొందరపడలేదు. నొక్కి, ఒక ఊపిరి తీసుకొని, చెప్పింది. యాభై ప్రశ్నల్లో నలభైతొమ్మిది అయ్యేసరికి ఇద్దరికీ ఇరవై నాలుగేసి, ఒకటి ఎవరికీ రాలేదు. ఒక్క ప్రశ్న మిగిలింది.

సార్ చీటీ విప్పి, "ఇండియాతో నేల..." అన్నాడు. అమ్మ నొక్కింది. ఆమె వైపు ఎర్ర బల్బు వెలిగింది. గదంతా అరిచింది. నేను కళ్ళు మూసుకున్నాను, హమ్మయ్య అని. ఇండియాతో నేల సరిహద్దు ఉన్న దేశాలు ఎన్ని అన్నదే ఆ ప్రశ్న. పాత కట్టలో పద్నాలుగో పేజీ. అమ్మ దాన్ని నిద్రలో కూడా చెబుతుంది. వరండాలో చీపురు ఆపకుండా వందసార్లు చెప్పింది.

కానీ వెంటనే చెప్పలేదు. నా వైపు చూసి, కుడిచేతి వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. నేను చెప్పినట్టే, సరిచూసుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి. పాకిస్తాన్ లాభం. ఆఫ్ఘనిస్తాన్ రెండు. చైనా మూడు. నేపాల్, భూటాన్. బంగ్లాదేశ్‌కు ఎడమచేతికి మారింది. మయన్మార్ దగ్గర వేలు మడిచి ఆగిపోయింది. నాకు అప్పుడు తట్టింది. అయ్యో, వద్దమ్మా అనుకున్నాను లోపల.

"ఆరు..." అంది అమ్మ మైకులో, "...న్నొకటి."

మైకులో పలికిన జవాబు ఎవరిదైనా విని రాసుకునేది డబ్బానే. తెర మీద పెద్దగా 6 అని పడి, చుట్టూ గీత మెరిసి, లాక్ అయిపోయింది. వెనకనుంచి ఎవడో "ఆరంట, ఒకటంట! ఏదో ఒకటి చెప్పక్కా!" అని అరిచాడు. అందరూ నవ్వారు. యువరాణి కూడా నవ్వింది.

అజిత్ తల గోక్కున్నాడు. "మొదట విన్న అంకె తీసుకుంది సార్. మీరు సరేనంటే నేను చేత్తో మార్చగలను" అన్నాడు.

సార్ అమ్మ వైపు వంగాడు. "ఏమన్నావమ్మా? వీడియో నడుస్తోంది. నేరుగా ఒక్క మాటలో చెప్పు. ఎన్ని?"

అమ్మ ముఖం చెమటతో తడిసిపోయింది. నోరు తెరిచింది, మూసింది. "అదే సార్... ఆరున్నొకటి" అంది మళ్ళీ.

సార్‌కు విసుగొచ్చింది. గది వైపు తిరిగి, "ఈ తెలుగు ఎవరికైనా అర్థమవుతుందా? ఆరు అంటోందా, ఇంకేమైనా అంటోందా?" అని అడిగాడు.

ఆ గదిలో సగంమంది తెలుగిళ్ళ పిల్లలే. కానీ పడి ముఖం చూసినవాళ్ళు లేరు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు తెలుసు. సార్, అది సరైన జవాబే, కొలతలో అలాగే అంటారు, ఆమె మా అమ్మ, నాకు తెలుసు. ఇంతే చెప్పాలి. లేచి నిలబడితే చాలు. "నీకెలా తెలుసు?" అని యువరాణి అడుగుతుంది. "మా వీధి" అని రెండేళ్ళుగా చెప్పిన నోటితో ఏం చెప్పేది? బెంచీ అంచు పట్టుకొని కూర్చున్నాను. లేవలేదు.

సార్ ఒక్క నిమిషం చూసి, అజిత్‌కు చెయ్యి ఊపాడు. అజిత్ ఏదో నొక్కాడు. అమ్మ తెలుగులో మాట్లాడింది గనక డబ్బా కూడా తెలుగులోనే పలికింది. తియ్యటి ఆడగొంతు, పుస్తకాల్లో తెలుగు.

"క్షమించండి. సరైన సమాధానం, ఏడు."

అమ్మ ఉలిక్కిపడింది. నలుగురిలో ఎవరో కొట్టినట్టు చూసింది, డబ్బాను కాదు, నన్ను. ఇంకా మడిచిన వేళ్ళను మెల్లగా విప్పి, స్టూలు దిగి, గుడ్డసంచి తీసుకొని, టీ గ్లాసులు కడగడానికి వెనక్కి వెళ్ళింది.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నేను తట్టుకోలేక నేనే ఎగిరిపడ్డాను, తప్పు చేసినవాళ్ళకే కదా ముందు కోపమొచ్చేది. "ఎందుకనలేదు మా? తమిళంలో అనొచ్చు గదా? సెవెన్ అనొచ్చు గదా?"

"వేళ్ళు మడిచినాక అది కొలతే గదే. కొలతలో ఏ బాసైనా ఒకటే."

"ఒక్క మాటకు కుర్చీ పోయింది!"

"నీ పరీచ్చ పెట్టుకోని ఆ మాట ఎట్లంటానే?" అంది అమ్మ. "నిండు సబలో, నువ్వు ఎదురుగా కూచోనుంటే? కుర్చీ పోతే పోనీ అనుకోని నేను మింగినా." గుడ్డసంచి ఒళ్ళోకి లాక్కుంది. "ఆ పాడు డబ్బా అనేసింది."

నువ్వెందుకు లేవలేదే అని అడుగుతుందని పళ్ళిపట్టు దాకా భయపడ్డాను. అడగలేదు. ఆ వారం నాన్న వచ్చి "కుర్చీ యాడ?" అని వేళాకోళం చేయబోయి, అమ్మ ముఖం చూసి ఆపేశాడు. పీటను పెరట్లో నీళ్ళబిందె కింద పెట్టాడు.

సెలవులయ్యాక సెంటర్ తెరిస్తే, గుమ్మం పక్కన నీలం కుర్చీలో డబ్బా ఉంది. ప్లగ్గు అక్కడే ఉంది గనక అక్కడే పెట్టించారు. మొదటి రోజు పూజ చేయాలన్నారు. సార్ చెబితే అమ్మే తెరకు గంధం రాసి కుంకుమ పెట్టింది, కుర్చీ చేతికి పూలు చుట్టింది. "తడిగుడ్డ పెట్టకక్కా, పాడైపోతుంది. పొడిగుడ్డతోనే తుడవాలి" అని అజిత్ నేర్పించి వెళ్ళాడు. ఆ తరవాత ప్రతి పొద్దునా అమ్మ ముందు దాన్ని పొడిగుడ్డతో తుడిచి, ఆ తరవాత మోకాళ్ళ మీద వంగి నేల తుడిచేది.

వరండాలోంచి జవాబులు రావడం ఆగిపోయింది. సార్ "వేలూరు..." అని నోరు తెరిచి, అలవాటుగా ఒక క్షణం ఆగేవాడు. చీపురు చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. కొత్తగా చేరిన పిల్ల ఒకతి "అక్కా, నువ్వు వీడియోలో అక్కవే గదా, ఇది చెప్పవా?" అని పుస్తకం పట్టుకొస్తే, "దాన్నడుగు పాప, దానికి బాగా తెలుసు" అని కుర్చీ చూపించింది. ఇంట్లో నేను అడిగినా అంతే. "ఫోన్లో చూసుకో" అనేది. మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను.

ఒకరోజు టీ ఇస్తుంటే గట్టిగా, అందరూ వినేలా "అమ్మా" అన్నాను. యువరాణి చటుక్కున నా వైపు చూసింది. అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరవాత గ్లాసు నా ముందు పెట్టి, "తీసుకో పాప" అని, పక్క బెంచీకి వెళ్ళిపోయింది. ఆలస్యంగా ఇచ్చినదాన్ని ఆమె తీసుకోలేదు. నాకు అంతకన్నా శిక్ష ఏం కావాలి?

పరీక్ష తిరువళ్ళూరులో ఒక బడిలో పడింది. అమ్మ తోడుగా వచ్చి మూడు గంటలూ ప్రహరీ గోడ నీడలో నిలబడింది. లోపల ప్రశ్నలు చూస్తే కళ్ళు తిరిగాయి. వచ్చినవే రెండుసార్లు చదివాను, రానివాటికి గుడ్డిగా నింపిన గడులను మళ్ళీ మళ్ళీ చూశాను. వారం తరవాత జవాబుల పట్టీ వచ్చింది. ఫోన్ ముందు పెట్టుకొని సరిచూసుకున్నాను. దగ్గరదాకా కూడా రాలేదు.

"ఎట్ల ఉండాది?" అంది అమ్మ గుమ్మంలోంచి.

"రాదు మా" అన్నాను.

"సరి, ఇంత తిను" అని లోపలికి వెళ్ళింది.

ఆ ఆదివారం పొద్దున రేషన్ బియ్యం వచ్చాయి. అమ్మ మూట విప్పి, టిన్ను దగ్గరికి లాక్కొని, తాత పడి తీసుకొని కూర్చుంది. నేను గోడకు ఆనుకొని కూర్చున్నాను, చేతిలో పుస్తకం లేకుండా.

"ఒకటి" అంది అమ్మ.

నేను తలెత్తాను. లాభం అనలేదు. తప్పుగా విన్నానేమో అనుకున్నాను.

"రెండు. మూడు. నాలుగు." పడి నింపడం, అంచు మీద చెయ్యి అడ్డం తిప్పడం, టిన్నులో వంచడం. చేతుల్లో తొందర లేదు. "అయిదు. ఆరు."

పడి నిండింది. అమ్మ దాన్ని టిన్ను మీదికి ఎత్తింది.

"ఏడు" అంది.

బియ్యం టిన్నులో పడిన చప్పుడయింది. నేను మోకాళ్ళలో తల పెట్టుకొని ఏడ్చాను, వెక్కి వెక్కి, చిన్నపిల్లలా. అమ్మకు వినబడుతూనే ఉంది. ఆమె నా వైపు తిరగలేదు.

"ఎనిమిది" అంది.